నోటితో చెప్పిన ర్యాంపు

ప్రభుదాసు గీసిన డ్రాయింగు తెరుచుకోలేదు.

గీసినవాడి కంప్యూటర్లో తెరుచుకుంటుంది, అదీ పెళ్లికూతురు ముస్తాబైనంత నిదానంగా. కోసేవాడి కంప్యూటర్లో మాత్రం మొరాయించింది. విజయవాడ ఆటోనగర్లో ఇనప రేకులు కోసే మిషను సాంబయ్యది. పొద్దున్నే ఆ ఫైలు మీద నొక్కి, వీధి చివరికెళ్లి టీ తాగి, ఎదురైన ఇద్దరితో పిచ్చాపాటీ వేసుకుని తిరిగొచ్చి చూశాడు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. కాసేపటికి కంప్యూటరు ఉన్నట్టుండి ఆగిపోయింది. అతను ఫోను చేసి, "తమ్ముడూ, నువ్వు పంపింది డ్రాయింగా, ఆటోనగరంతా మూటగట్టావా?" అని అడిగాడు.

ప్రభుదాసుకి నవ్వు రాలేదు. ఎందుకు రాలేదో తెలియాలంటే ఆ డ్రాయింగు ఎవరి కోసమో ముందు చెప్పాలి.

దివిసీమలో కరుణమ్మ గారని ఒక టీచరు ఉన్నారు. నడవలేని పిల్లల కోసం చిన్న బడి నడుపుతున్నారు. ఆ బడికి ఒక పాత వ్యాను. డ్రైవరు పొద్దున్నే ఇంటింటికీ వెళ్లి, పిల్లల్ని రెండు చేతుల మీద ఎత్తి లోపల కూర్చోబెట్టి, వాళ్ల చక్రాల కుర్చీలు మడిచి వెనక పెట్టుకుని బడికి తెస్తాడు. చిన్నపిల్లలకి అదో సరదా. ఎత్తుకునేటప్పుడు అతని మీసం లాగి నవ్వుతారు.

తిరుపతమ్మ అనే పిల్ల మాత్రం పదో తరగతికి వచ్చింది. ఒకరోజు డ్రైవరు అలవాటుగా చేతులు చాపితే మొహం పక్కకి తిప్పుకుని, "నేను రాను" అంది. ఆ రోజు నుంచి బడి మానేసింది. డ్రైవరు తండ్రిలాంటివాడు, చెడ్డ చూపు ఎరగనివాడు. తప్పు అతనిది కాదు, పిల్లదీ కాదు. ఎదిగిన ఆడపిల్ల, వీధి వీధంతా చూస్తుండగా పరాయి మనిషి చేతుల మీద బండెక్కడం ఎలా ఉంటుందో, అలా ఎక్కినవాళ్లకే తెలియాలి.

కరుణమ్మ గారు నాలుగు తలుపులు తట్టి, ఎలాగో డబ్బు కూడగట్టుకుని, వ్యానుని ఆటోనగర్ తెచ్చారు. బండి వెనకవైపు నేల కిందికి దించాలి. అక్కడ మడత ర్యాంపు ఒకటి పెట్టాలి. పిల్ల కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే, తన చక్రాలు తనే తిప్పుకుంటూ లోపలికి ఎక్కాలి. ఎవరూ ఎత్తకూడదు, ఎవరూ నెట్టకూడదు. దసరా సెలవులయ్యి బడి తెరిచే రోజుకి బండి ఇంటి ముందు ఉంటుందని తిరుపతమ్మకి మాట ఇచ్చి వచ్చారు.

"ఆ పిల్లని ఇంకొక్కసారే అడగగలను మాస్టారు గారూ," అన్నారావిడ. "ఆ రోజు బండి రాకపోతే మళ్లీ అడిగే మొహం నాకుండదు."

ఆ మాట అన్నది దస్తగిరి మాస్టారితో. పని ఒప్పుకున్నది ఆయన. గీయమని ఇచ్చింది ప్రభుదాసుకి.

దస్తగిరి మాస్టారిది ఆటోనగర్లో మేడ మీద ఒక గది. బస్సులకీ లారీలకీ బాడీలు కట్టేవాళ్లకి డ్రాయింగులు గీసిస్తారు. కుర్రతనంలో చెక్కబల్ల మీద కాగితం బిగించి, గీత తప్పితే బ్లేడుతో గోకి మళ్లీ గీసిన మనిషి. నెత్తి నెరిశాక కంప్యూటరు నేర్చుకున్నారు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఈరోజున ఎక్కడెక్కడో ఉన్నారు. కానీ ఆయన పాఠం చెప్పగా విన్నవాడు మాత్రం ఒక్కడూ లేడు.

వెనకటికి ఒక కుర్రాడు బస్సు కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి, రెండూ కంప్యూటర్లో విడివిడిగా తంటాలుపడి గీసి, కాగితం మీద అచ్చు తీసుకొచ్చాడట. మాస్టారు ఆ కాగితాన్ని సరిగ్గా మధ్యకి మడిచి, వాడి చేతికిచ్చి, నమాజుకి వెళ్లిపోయారట. వాడు ఆ మడత కేసి చాలాసేపు చూసి, సగం చెరిపేసి కూర్చున్నాడట. సగం గీస్తే మిగతా సగం కంప్యూటరే అద్దంలో చూపినట్టు వేసిపెడుతుంది కదా మరి. ఇది వాడికి తెలియక కాదు, తోచక. ఆటోనగర్లో ఈ కథ అందరికీ తెలుసు, మాస్టారిని అడిగితే మాత్రం నాకు గుర్తులేదంటారు.

ఇక ప్రభుదాసు సంగతి. ఏమాటకామాట చెప్పుకోవాలి, పనిలో వాడికి వంకపెట్టేందుకు లేదు. కొలత తప్పడు, గీత తప్పడు. వాడికున్నది ఒకటే జబ్బు. ఏదీ చెరపడు.

ర్యాంపు మీద కాలు జారకుండా గరుకు రేకు వేస్తారు, రేకు నిండా చిన్న చిన్న బుడిపెలుంటాయి. బజార్లో దొరికే రేకే అది. దాని పేరు రాస్తే చాలు. ప్రభుదాసు ఆ బుడిపెలన్నీ గీశాడు, ఒక్కటి కూడా వదలకుండా. బోల్టుకి ఉండే మరలు చుట్టుచుట్టూ గీశాడు. వ్యానుని నాలుగు పక్కలా ఫోనుతో తీసిన ఫోటోలన్నీ కొలతల కోసమని డ్రాయింగు కింద పరిచాడు, పని అయ్యాక కూడా అక్కడే ఉంచాడు. బడి పేరున్న బోర్డు ఫోటో కూడా ఉంది, దేనికో వాడికే తెలియాలి.

అంతకంటే పెద్ద బరువు వేరే ఉంది. కంప్యూటర్లో గీసేవాళ్లు పలచని కాగితాలు ఒకదాని మీద ఒకటి పరిచినట్టు పొరలుగా గీస్తారు. వాటిని లేయర్లంటారు. వద్దనుకున్న లేయరుని కనపడకుండా దాచొచ్చు. దాచినంత మాత్రాన అది ఎక్కడికీ పోదు, లోపలే ఉండి బరువు చేస్తుంది. ప్రభుదాసు మొదట రెండు మడతల ర్యాంపు గీశాడు. అది పొట్టిది, అందుకని ఏటవాలు ఎక్కువ. కరుణమ్మ గారు చూసి, దీన్నెక్కాలంటే వెనకనుంచి ఒకరు నెట్టాలి, ఆ నెట్టడమే వద్దని కదా నేను మొత్తుకునేది అన్నారు. దాంతో పొడుగ్గా మూడు మడతలది గీశాడు. దాన్నీ రెండు మూడు రకాలుగా మార్చాడు. మార్చినప్పుడల్లా పాతదాన్ని దాచి పెట్టాడు. ఏమో, రేపు పనికొస్తే?

ఈ "ఏమో" ఊరికే పుట్టింది కాదు.

ఇంతకు ముందు వాడు హైదరాబాదులో ఒక కంపెనీలో పనిచేశాడు. తలుపులు చేసే కంపెనీ. ఫైలు బరువైపోయిందని పై అధికారి విసుక్కుంటే, ప్రభుదాసు పనికిరాదనుకున్న లేయరు ఒకటి తీసేశాడు. వాన నీళ్లు బయటికి పోవడానికి తలుపు అడుగున ఉండాల్సిన రంధ్రాలు అందులో ఉన్నాయి. రంధ్రాలు లేకుండానే తలుపులన్నీ తయారై వచ్చాయి. అందరినీ పిలిచి, మధ్యలో వీడిని నిలబెట్టి, ఎవరు తీశారని అడిగారు. నేనే తీశానని చెప్పడానికి నోరు పెగల్లేదు, పక్కవాళ్లే చెప్పారు.

ఉద్యోగం పోయి ఇంటికొస్తే తండ్రి పల్లెత్తు మాట అనలేదు. అన్నా బాగుండేది. మేనమామ తన ఎరువుల కొట్లో కూర్చోమన్నాడు. కొట్లో కూర్చోవడం తప్పని కాదు, గీయడం తప్ప వేరే ఏదీ వాడికి ఇష్టం లేదు. ఆఖరి ప్రయత్నంగా దస్తగిరి మాస్టారి మేడ మెట్లెక్కాడు. ఆయన పాత ఉద్యోగం గురించి అడగలేదు, వాడు చెప్పలేదు. ఇక్కడ కూడా పని చెడితే ఇక ఆ ఎరువుల కొట్టే గతి అని మనసులో అనుకున్నాడు. అందుకే ఏదీ చెరపడు. తీసేస్తే కదా తప్పు, ఉంచితే ఎవరేమంటారు?

ఇదిగో, ఉంచితే ఇలా అయింది.

రేపు ఆయుధపూజ. ఆటోనగర్లో ఆ రోజు ఏ మిషనూ తిరగదు. మిషన్లు కడిగి బొట్లుపెట్టి, నిమ్మకాయలు కట్టి, దణ్ణం పెట్టుకుని, పనివాళ్లు ఊళ్లకి పోతారు. వాళ్లు పండగ చేసుకుని తీరిగ్గా తిరిగొచ్చేసరికి అక్కడ బడి తెరిచేస్తారు. రేకులు అతికించే వెల్డరు ఇక్కడివాడే, పండగైనా సరే చేసిపెడతానన్నాడు. కానీ అతికించడానికి ముందు కోసిన రేకులుండాలి కదా. కోయడమంటూ జరిగితే ఈరోజే జరగాలి.

ప్రభుదాసు ఫైలుని నొక్కి చిన్నది చేసి పంపాడు. అవతల విప్పేసరికి మళ్లీ అంతే అయింది. ముక్కలు చేసి పంపాడు. ఏ ముక్క దేనికి అతుకుతుందో తెలియక సాంబయ్య తల పట్టుకున్నాడు. ఆ తర్వాత, ఇంకా పెద్ద కంప్యూటరు ఎవరిదగ్గరైనా ఉందేమో కనుక్కోమని సాంబయ్యనే అడిగాడు. సాంబయ్య ఓపిక ఉన్న మనిషి కాబట్టి ఏమీ అనకుండా ఫోను పెట్టేశాడు.

ఇక చెరపక తప్పదని కూర్చున్నాడు. దాచిన లేయర్లలోంచి రెండు మడతల ర్యాంపుని బయటికి తీశాడు. తీసేసే మీట మీద వేలు పెట్టాడు. నొక్కాడు. అది తెర మీంచి మాయమైంది. అందులో ఇంకేమన్నా ఉందేమో? ఎక్కడినుంచో కొలత ఒకటి అందులోకి వచ్చి పడి ఉంటే? వెంటనే వెనక్కి తెచ్చేశాడు. మళ్లీ తీశాడు, మళ్లీ తెచ్చాడు. ఫోటోల జోలికి పోయాడు, అదీ అంతే. బుడిపెల సంగతి చెప్పనే అక్కర్లేదు.

చివరికి లేచి మాస్టారి బల్ల దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఆయన కళ్లజోడు తుడుచుకుంటున్నారు.

"మీరే తీసేయండి మాస్టారూ. ఏది అక్కర్లేదో మీకు తెలుస్తుంది. నా వల్ల కావట్లేదు."

ఎందుకు కావట్లేదో కూడా అప్పుడే చెప్పాడు. హైదరాబాదు, తలుపులు, రంధ్రాలు, మధ్యలో నిలబెట్టి అడగడం, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. ఇన్నాళ్లు దాచినందుకు తిడతారేమో అనుకున్నాడు. మాస్టారు కళ్లజోడు తుడవడం ఆపి, అంతా విన్నారు. వినేటప్పుడు ఆయన మొహం ఇంట్లో పెద్దవాళ్ల మొహంలా ఉంది.

ఆయన లేచి ప్రభుదాసు బల్ల దగ్గరికి నడిచి, తెర ఆపేశారు. కుర్చీ చూపించి వాణ్ణి కూర్చోమన్నారు. జేబులోంచి ఫోను తీసి, సాంబయ్యకి కలిపి, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచారు.

"సాంబయ్యా, దాసు చెప్తాడు. రాసుకో," అన్నారు.

ప్రభుదాసుకి అర్థం కాలేదు. "ఏం చెప్పాలి మాస్టారూ?"

"ర్యాంపు."

"నోటితోనా?"

"నోటితోనే."

అవతల సాంబయ్య సుద్దముక్క కోసం ఎవరినో కేకేశాడు. వాళ్లకి కాగితం కంటే సుద్దముక్కే ముందు దొరుకుతుంది. కింద పరిచిన రేకు మీదే రాసుకుంటారు. సరే చెప్పు తమ్ముడూ అన్నాడు.

ప్రభుదాసు నల్లటి తెర కేసి చూశాడు. అందులో వాడి మొహం తప్ప ఏమీ కనపడలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తోచక, ఫైల్లో అన్నిటికంటే పైన ఏముందో దాన్నే చెప్పాడు. బడి పేరు బోర్డు గురించి. సాంబయ్య కాసేపు విని, ఆ బోర్డు నేను కొయ్యాలా అని అడిగాడు. అక్కర్లేదు అన్నాడు ప్రభుదాసు. మరి నాకెందుకు చెప్తున్నావన్నాడు సాంబయ్య. మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

మళ్లీ మొదలుపెట్టాడు. మూడు మడతలు, మూడూ ఒకే కొలత అన్నాడు. పొడుగు చెప్పాడు, వెడల్పు చెప్పాడు. రేకు మీద బుడిపెలు ఎలా ఉంటాయో చెప్పబోయాడు. ఒక్క బుడిపె నోటితో చెప్పడానికే చాలా మాటలు పట్టేలా ఉంది. నాలుగు మాటలు చెప్పి తనే ఆగిపోయాడు. ఆగి, గరుకు రేకు, మామూలుగా బండ్లకి వేసేదే అన్నాడు. ఆ రేకు నా దగ్గరే ఉందన్నాడు సాంబయ్య. బోల్టుల దగ్గరికొచ్చేసరికి వాటి మరల మాట ఎత్తనే లేదు. ఎంత లావు బోల్టు, ఎక్కడెక్కడ, అంతే చెప్పాడు.

అవతల సుద్దముక్క రేకు మీద గీసుకుంటున్న చప్పుడు వినపడుతోంది. ఆ చప్పుడు ఆగింది.

"మూడు మడతలంటున్నావు. పొద్దున నా కంప్యూటరు ఆగిపోయే ముందు ఒక్క క్షణం బొమ్మ కనపడితే ఫోనుతో ఫోటో తీసుకున్నాను. అందులో రెండే మడతలున్నాయే?" అన్నాడు సాంబయ్య. "కాస్త పొట్టిది. టైము లేదు కదా, నిన్ను అడగడమెందుకు, అదే చూసి కోసేద్దామనుకున్నాను."

రేకు కోస్తే మళ్లీ అతకదు. ఆ పొట్టి ర్యాంపు బండికి తగిలించి తిరుపతమ్మ ఇంటి ముందు దించి ఉంటే ఏమయ్యేదో ప్రభుదాసు కళ్ల ముందు ఆడింది. పిల్ల సగం ఎక్కుతుంది. కుర్చీ వెనక్కి జారుతుంది. ఎవరో ఒకరు పరుగెత్తి వచ్చి పట్టుకుంటారు. ఆ పైన ఆ పిల్ల ఈ జన్మలో బడి మొహం చూడదు. పనికొస్తుందేమోనని తను దాచిన లేయరే అవతలి కంప్యూటర్లో బయటపడి ఇంత పని చేయబోయింది.

వాడు మాస్టారి వైపు చూశాడు. ఆయన ఇంకా కిటికీలోంచే చూస్తున్నారు.

"అది కాదన్నా. అది వద్దు. మూడు మడతలది, అదొక్కటే ఉంది," అన్నాడు ప్రభుదాసు. కాసేపటి ముందు లేని గట్టిదనం గొంతులోకి వచ్చింది.

అక్కడినుంచి తడబడలేదు. మడతకీ మడతకీ మధ్య సందు ఎంతుండాలో చెప్పాడు. ఆ కొలత సాంబయ్య చేత తిరిగి చెప్పించుకున్నాడు. కుర్చీకి ముందుండే చక్రాలు చిన్నవి, సందు ఒక్క పిసరు ఎక్కువైనా అందులో ఇరుక్కుంటాయి. రెండు పక్కలా అంచు పైకి లేచి ఉండాలన్నాడు, చక్రం పక్కకి జారిపోకుండా. ఎంత ఎత్తు అంచో చెప్పాడు. అంచు పదునుగా వదలొద్దు, ఆ పిల్ల చేతులు చక్రాల మీదే ఉంటాయి, గీసుకుంటాయి, నున్నగా తోమించు అన్నాడు. ఈ మాటలు చెప్తుండగా, తన డ్రాయింగులో ఆ సందు కొలత ఎక్కడ రాశాడో గుర్తొచ్చింది. బుడిపెల మధ్యలో, అంకె ఏదో బుడిపె ఏదో తెలియని చోట రాశాడు.

"ఇంకేమన్నా ఉందా?" అన్నాడు సాంబయ్య.

ప్రభుదాసు కళ్లు మూసుకున్నాడు. ఆ ర్యాంపుని ఒకసారి మనసులో విప్పి, మళ్లీ మడిచి చూసుకున్నాడు.

"వాన నీళ్లు నిలవకుండా మడతల దగ్గర రంధ్రాలు పెట్టన్నా. ప్రతి మడతకీ రెండు చివర్లా," అన్నాడు.

ఏ లేయరూ చూడకుండానే చెప్పాడు. చెప్పాక, ఏం చెప్పాడో అప్పుడు తెలిసొచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మాస్టారు అది చూడనట్టు ఫోను తీసి జేబులో వేసుకున్నారు.

"చెప్పినంతే గీసి పంపు," అని, టీ చెప్పడానికి మెట్లు దిగి వెళ్లారు.

ప్రభుదాసు తెర వెలిగించి, పాత ఫైలు ముట్టుకోకుండా కొత్త పేజీ తెరిచాడు. ఒక్క మడతలో సగం గీశాడు. మిగతా సగం కంప్యూటరు వేసింది. ఆ ఒక్క మడతనే మూడు చోట్ల పెట్టమంటే పెట్టింది. గరుకు రేకు అని పేరు రాశాడు. సందు కొలత ఖాళీ జాగాలో, చూడగానే కనపడేలా రాశాడు. రంధ్రాలు పెట్టాడు. ఇంకేమన్నా పెట్టాలా అని చెయ్యి అటూ ఇటూ ఆడింది. సాంబయ్యకి చెప్పనిది ఏదీ పెట్టలేదు.

టీ వచ్చేలోగా ఫైలు వెళ్లిపోయింది. గ్లాసు చేతిలోకి తీసుకునేలోగా సాంబయ్య ఫోను చేశాడు. తెరుచుకుంది తమ్ముడూ, రేకు మిషనెక్కించాను అన్నాడు. వెనకాల మిషను తిరుగుతున్న మోత కూడా వినపడింది.

ప్రభుదాసు టీ తాగుతూ అడిగాడు, పాత ఫైలు ఏం చేయమంటారు మాస్టారూ అని. అది నీది కదా, నన్నడుగుతావేం అన్నారు ఆయన. ఇక దాని మాట వాళ్లిద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

బడి తెరిచే రోజు పొద్దున కరుణమ్మ గారు వాళ్లని కూడా రమ్మన్నారు. ఇంతదూరం వద్దులెండి అని మాస్టారు అంటారనుకున్నాడు ప్రభుదాసు. ఆయన తెల్లచొక్కా వేసుకుని ముందే తయారై కూర్చున్నారు.

తిరుపతమ్మ ఇల్లు కాలవ పక్క సందులో ఉంది. వ్యాను వెళ్లి వాకిట్లో ఆగేసరికి ఆ పిల్ల కుర్చీలో కూర్చుని ఉంది. రెండు జడలు, రిబ్బన్లు, ఒళ్లో పుస్తకాల సంచి. మొహం మాత్రం గంటు పెట్టుకుని ఉంది. నమ్మకం లేని మొహం. తల్లి గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చుట్టుపక్కల వాళ్లు పనులున్నట్టు నటిస్తూ బయటికి వచ్చారు.

డ్రైవరు ర్యాంపు మడతలు విప్పి నేల మీదికి దించి, పక్కకి తప్పుకున్నాడు. ఎన్నో ఏళ్లు పిల్లల్ని ఎత్తిన చేతులు, వాటినేం చేసుకోవాలో తెలియక ప్యాంటుకి తుడుచుకున్నాడు.

తిరుపతమ్మ ర్యాంపుని కిందినుంచి పైదాకా చూసింది. చక్రాల మీద చేతులు వేసి ముందుకు తిప్పింది.

మొదటి మడత దాటింది. గరుకు రేకు మీద చక్రాలు గరగరమన్నాయి. రెండో మడతలో సగానికి వచ్చేసరికి వేగం తగ్గింది. భుజాలు వణుకుతున్నాయి. బడి మానేసి ఇంట్లో కూర్చున్న ఇన్ని నెలల్లో చేతుల్లో బలం తగ్గిందేమో. కుర్చీ అక్కడే ఆగింది. ఒక్క వేలెడు వెనక్కి జారింది కూడా.

ప్రభుదాసు ఎప్పుడు కదిలాడో వాడికే తెలియదు. ర్యాంపు మొదటి మడత మీదికి వచ్చేశాడు. రెండు చేతులూ కుర్చీ వెనక పట్టుకి బెత్తెడు దూరంలో ఉన్నాయి.

మాస్టారు పక్కనుంచి వచ్చి వాడి మణికట్టు మీద చెయ్యి వేశారు. లాగలేదు, పట్టుకోలేదు, వేసి ఊరుకున్నారు. వాడికి మాత్రమే వినపడేంత నెమ్మదిగా అన్నారు.

"ఉండనీరా. ఎక్కుతుంది."

తిరుపతమ్మ వెనక్కి చూడలేదు. ఊపిరి బిగబట్టి, నడుం ముందుకి వంచి, ఒక్క తోపు తోసింది. ముందు చక్రాలు సందు దాటాయి. ఇంకో తోపు. మూడో మడత కూడా దాటి కుర్చీ లోపలికి వెళ్లిపోయింది. లోపల కుర్చీని ఇటు తిప్పుకుని, జడ వెనక్కి వేసుకుని, డ్రైవరుతో, "పద బాబాయ్, ప్రార్థన అయిపోతుంది," అంది.

తల్లి ఏడుస్తోంది. కరుణమ్మ గారు ఆవిడ భుజం పట్టుకున్నారు. డ్రైవరు ర్యాంపు మడిచి తలుపు వేసుకుని బండి తీశాడు.

బండి సందు మలుపు తిరిగాక కూడా ప్రభుదాసు చేతులు ముందుకి చాపే ఉన్నాయి. వాటిని చూసుకుని, మెల్లగా కిందికి దించాడు.